పిల్లికూతలు అన్న ఒక్క మాట కోసం

మొదటి రోజు పదకొండు మంది తల్లులను అడిగాను. పదకొండు మందీ లేదనే చెప్పారు.

గోదావరి వైనతేయ పాయ పక్కనున్న ఒక లంక ఊరు అది. కార్తీక మాసం, సార్వా కోతలు సాగుతున్నాయి. పిల్లల ఉబ్బసం మీద నా థీసిస్ సర్వే కోసం ప్రాథమిక పాఠశాల వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న ఇది: "గతంలో ఎప్పుడైనా మీ బిడ్డకు ఛాతీలో ఈల వంటి శబ్దంతో కూడిన శ్వాస కలిగిందా?" ఒక్కో తల్లీ ఒక్క క్షణం ఆలోచించేది. "అబ్బే, అలాంటిదేం లేదండి" అనేది. నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. పదకొండో ఆమెకు ఆనుకుని నిలబడ్డ ఆరేళ్ల పిల్లాడు నేను రాస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి కూత బల్ల ఇవతలున్న నాకు వినిపిస్తోంది. అయినా వాళ్లమ్మ లేదంది. నేనూ లేదనే రాశాను. ఇలాంటి సర్వేలో తల్లి చెప్పిందే రాయాలి, మనకు వినిపించింది రాయకూడదు. ఫారం పూర్తయ్యాక మాత్రం పిల్లాణ్ణి ఆ సాయంత్రమే పీహెచ్‌సీలో చూపించమని చెప్పి, చీటీ రాసిచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ కూత నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మా తమ్ముడికి మూడో ఏటి నుంచి చలికాలం వస్తే ఆయాసం. అర్ధరాత్రి వాడు డొక్కలెగరేస్తుంటే అమ్మ భుజాన నిలువుగా వేసుకుని తెల్లవార్లూ వసారాలో తిరిగేది. పడుకోబెడితే ఊపిరాడేది కాదు. ఊళ్లో అందరూ నెమ్ము అన్నారు. ఏడాదికి ఐదారుసార్లు నెమ్ముకే మందులు వాడాం. మృగశిర కార్తెకు నాన్న వాణ్ణి హైదరాబాద్ చేప మందుకు మూడేళ్లు వరసగా తీసుకెళ్లాడు. అది ఉబ్బసం అని తెలిసేసరికి వాడు ఎనిమిదో తరగతికి వచ్చేశాడు. అప్పటికి ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోవడం వాడికి అలవాటైపోయింది. నెమ్ములోనూ దగ్గూ ఆయాసమే, ఉబ్బసంలోనూ దగ్గూ ఆయాసమే, నిజమే. తేడా పట్టించేవి వేరే ఉన్నాయి. ఊపిరి వదిలేటప్పుడు కూత వస్తోందా, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తోందా, మందు పీల్పిస్తే సర్దుకుంటోందా? అన్నేళ్లలో ఈ మూడు ప్రశ్నలూ అమ్మను ఎవరూ అడగలేదు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో పిల్లల ఆరోగ్యం తీసుకున్నప్పుడు, బడి పిల్లల్లో ఉబ్బసం లక్షణాల మీదే థీసిస్ చేస్తానని మా గైడ్ మేడంతో మొదటి రోజే చెప్పాను.

పిల్లల ఉబ్బసం మీద సర్వే చేయాలంటే ఎవరైనా ముందు చూసేది ఐజాక్ ప్రశ్నపత్రాన్నే. 1991లో మొదలైన అంతర్జాతీయ పరిశోధన అది. మొదటి దశలోనే 56 దేశాల్లో 13, 14 ఏళ్ల పిల్లలు 4,63,801 మందిని ఒకే రకం ప్రశ్నలు అడిగారు. అందులో మన దేశం కూడా ఉంది. రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. ఒక కాగితం, కొన్ని ప్రశ్నలు, అంతే. ఆరేడేళ్ల పిల్లలకైతే తల్లిదండ్రులు జవాబిస్తారు, 13, 14 ఏళ్ల వాళ్లు తామే రాస్తారు. ఒక్కో కేంద్రానికి 3000 మంది పిల్లలు ఉండాలన్నది వాళ్ల లెక్క. స్కూటీ మీద తిరిగే ఒక్కదాన్ని నేను అంతమందిని చేరలేను కాబట్టి, కొద్ది ఊళ్లకే పరిమితమై, పద్ధతి మాత్రం అదే పెట్టుకున్నాను.

పద్ధతి ప్రకారం ప్రశ్నలను ఒకరు తెలుగులోకి మార్చాలి. ఇంగ్లిషు కాగితం చూడని ఇంకొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లిషులోకి తిప్పాలి. రెండు ఇంగ్లిషులూ కలిస్తే అనువాదం సరిగా ఉన్నట్టు. నా కాగితం ఈ పరీక్షలో చక్కగా నెగ్గింది. 'ఈల వంటి శబ్దం' ఇంగ్లిషులోకి వెళ్లి అచ్చం మొదటి మాటగానే తిరిగొచ్చింది. రెండువైపులా చదువుకున్నవాళ్లే ఉంటే కాగితం నెగ్గుతుందని ఇప్పుడు అర్థమవుతోంది. మధ్యలో లంక ఊరి తల్లి ఎక్కడా లేదు.

మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడికి వెళ్లేముందు నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఏడుగురు పెద్దల ముందు నిలబడ్డాను. వాళ్లు ఉబ్బసం గురించి పెద్దగా అడగలేదు. "చదువు రాని తల్లి అయితే వేలిముద్ర ఎవరి ఎదుట వేయిస్తావు? ఏ సంబంధమూ లేని సాక్షి ఉంటారా?" అన్నారు. "పిల్లకు ఇష్టం లేక, తల్లి ఒప్పుకుంటే ఏం చేస్తావు?" అన్నారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. తల్లిదండ్రుల సంతకం దీనికి అదనం. ఇవన్నీ బట్టీ పట్టి వెళ్లాను. కానీ లంకలో ఒక తాతగారు మనవరాలి చెయ్యి పట్టుకుని "మా పిల్లల మీద ప్రయోగాలాండీ?" అని అడిగినప్పుడు బట్టీ పట్టిందేదీ పనికి రాలేదు. సూది లేదు, మందు లేదు, ప్రశ్నలే అడుగుతాను, పెద్దపిల్లల చేత ఒక గొట్టంలో ఊదిస్తాను, వద్దంటే ఇప్పుడే వెళ్లిపోతాను అన్నాను. ఆయన వద్దన్నారు. లేచి వచ్చేశాను. అలా వద్దనే హక్కు ఆయనకు ఉండబట్టే, మిగతా వాళ్లు అవునంటే నాకు నమ్మకం.

బడుల అనుమతులకు ఒక ఆఫీసు చుట్టూ ఆరు వారాలు తిరిగాను. అంతకంటే దాని గురించి చెప్పడానికేమీ లేదు.

మొదటి రోజు తర్వాత ఏం చేయాలో తోచక, ఆ ఊళ్లోనే ఉన్న పీచు మిల్లు దగ్గరికి వెళ్లాను. పిల్లల తల్లులు చాలామంది అక్కడే పని చేస్తారు. కొబ్బరి డొక్కలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మిషను పీచును ఒకవైపు, పొట్టును ఒకవైపు విసురుతోంది. ముక్కుకు కొంగు చుట్టుకున్న ఆడవాళ్లు పీచును ఎండలో పరుస్తున్నారు. ఎండ పడిన చోట గాలిలో పొట్టు గోధుమరంగు పొడిలా కనిపిస్తోంది. పదకొండో ఆమె అక్కడే ఉంది. భోజనాల వేళ పక్కన కూర్చుని, కాగితం సంచిలోనే ఉంచి, బాబు ఎలా ఉన్నాడని అడిగాను.

"రాత్రి మందు పట్టారండి, కాస్త నయం. వాడికి మామూలేనండి మేడంగారండీ. రొంప పట్టిందంటే నాలుగు రోజులు గుండెల్లో ఒకటే పిల్లికూతలు. రాత్రుళ్లు లేచి కూర్చుంటాడు."

"మరి నిన్న నేను అడిగితే లేదన్నారు కదమ్మా?"

ఆమె చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "మీరు ఈల వేస్తాడా అని అడిగారు కదండీ. మావోడికి ఈల వెయ్యడం రాదండి."

ఆమె నన్ను ఆటపట్టించడం లేదు. నేను అడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పింది. తప్పు నా కాగితంలో ఉంది. 'ఛాతీ' అన్న మాట కూడా అక్కడెవరూ అనరు. వాళ్లకు అది గుండెలే. 'శ్వాస' అనరు, ఊపిరి అంటారు. ఒక్క ప్రశ్నలో మూడు మాటలు వాళ్లవి కానివి పెట్టి, లేదన్నారని టిక్కు పెట్టుకుంటూ పోతే, చివరికి ఈ లంకల్లో ఉబ్బసమే లేదని నా థీసిస్ తేల్చేది. ఆ పిల్లాడు లెక్కలో ఆరోగ్యవంతుడు అయిపోయేవాడు. మా తమ్ముడి ఉబ్బసం కూడా అన్నేళ్లూ అలాగే లెక్కకు రాకుండా పోయింది.

పరుగున వెళ్లి గైడ్ మేడంకు చెప్పాను, 'పిల్లికూతలు' అని మార్చేద్దామని. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "ఆ మాటకు అందరు తల్లుల దగ్గరా ఒకటే అర్థం ఉందా? చూశావా?" అన్నారు. చూస్తే లేదు. కొంతమంది ముక్కు బిగేసి వచ్చే గురగురను కూడా పిల్లికూతలే అంటున్నారు. గొంతులో కఫం అడ్డుపడి వచ్చే చప్పుడును అంటున్నవాళ్లూ ఉన్నారు. ఉబ్బసంలో వచ్చే కూత వేరు. లోపల సన్నటి గాలిగొట్టాలు బిగుసుకుని, గాలి బయటికి రావడానికి ఇబ్బంది పడుతూ చేసే సన్నటి, సాగే చప్పుడు అది. ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తుంది. ఇది మన తల్లుల సమస్య మాత్రమే కాదని మేడం ఒక పాత పరిశోధన తీసి చూపించారు. 2000లో లండన్‌లో తల్లిదండ్రులను అడిగితే, ఈ కూతకు వాడే 'వీజ్' అన్న ఇంగ్లిషు మాటకే వాళ్లు చెప్పుకునే అర్థం ఒకటి, డాక్టర్లు చెప్పే అర్థం ఒకటి అని తేలింది. సొంత భాషలో అడిగినా అంతే. ఐజాక్ వాళ్లకు కూడా ఈ సంగతి మొదట్లోనే తెలుసు. అందుకే రాత ప్రశ్నలతోపాటు ఒక వీడియో తయారుచేశారు. అందులో ఆయాసంతో ఉన్నవాళ్లను ఐదు దృశ్యాల్లో చూపిస్తారు. జబ్బు పేరు ఎత్తరు, కూత అన్న మాట కూడా వాడరు. "నీ ఊపిరి ఎప్పుడైనా ఇలా ఉందా?" అని మాత్రం అడుగుతారు.

వీడియో 13, 14 ఏళ్ల పిల్లల కోసం. చిన్నపిల్లల తల్లులకు చప్పుడు ఒక్కటీ చాలనిపించింది. మా డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులకు వినిపించే రికార్డింగులు ఉన్నాయి. ఏ పిల్లలవో తెలిసే వివరాలేవీ వాటిలో లేవు. ముక్కు గురగుర ఒకటి, స్టెతస్కోపు లేకుండానే వినిపించే కూత ఒకటి తీసుకున్నాను. ఇంటికెళ్లి, చప్పుడు సరిగా వినిపిస్తోందా లేదా అని ముందుగదిలో ఫోన్ పెట్టి కూత ప్లే చేశాను.

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి అలాగే ఉంది. "తమ్ముడొచ్చాడా? మళ్లీ మొదలైందా?" అంది. వాడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, రెండేళ్లుగా ఆయాసం ఊసే లేదు. ఫోన్ చూపించి, ఇది వేరే ఎవరి పిల్లదో అని చెప్పాను. అమ్మ అక్కడే నిలబడి చివరి దాకా విని, "ఇదే. ఇలాగే ఉండేది" అంది. గురగుర వినిపిస్తే, "ఇది రొంపే కదా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఒక మాట మార్చినా కమిటీ అనుమతి మళ్లీ కావాలి. సవరణ కాగితాలు పెట్టాను. 'గుండెల్లో' అన్న మాట దగ్గర ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు, గుండెజబ్బు అనుకుంటారని. ఊళ్లో గుండెల్లో మంట అంటే కడుపు సంగతి, గుండెల్లో రొంప అంటే ఊపిరితిత్తుల సంగతి అని వివరించాను. ఆయనది కూడా రాజోలు వైపే, నవ్వి ఒప్పుకున్నారు. మేడం పెట్టిన షరతు ఇంకొకటి ఉంది. పాత ప్రశ్నను తీసేయకూడదు, తీసేస్తే వేరే చోట్ల చేసిన సర్వేలతో పోల్చలేం. ముందు పాత ప్రశ్న అడిగి జవాబు రాసుకోవాలి, తర్వాత కొత్త మాటతో అడిగి, చప్పుళ్లు వినిపించి, ఆ జవాబు వేరే గడిలో రాయాలి. మొదటి జవాబు దిద్దకూడదు.

మళ్లీ అదే వరండాలో అదే బల్ల. ఈసారి ఫోన్‌లో కూత వినగానే తల్లుల ముఖాలే మారిపోయేవి. ఒకావిడ రెండో సెకనుకే "ఆయ్, ఇదేనండి, ఇదే" అని నా చెయ్యి పట్టుకుంది. లేదన్నవాళ్లలో కొందరు ఉందన్నారు. మా పిల్లకు పిల్లికూతలు అని ఆత్రంగా చెప్పినవాళ్లు ఇద్దరు ముగ్గురు, కూత విని "ఇది కాదండి, ఆ రెండోదండి" అని గురగురను చూపించారు. అదీ ముఖ్యమే. లేని జబ్బును పిల్లలకు అంటగట్టకుండా ఉంటాం. ఎంతమంది అటు మారారు, ఎంతమంది ఇటు అన్న అంకెలు ఇక్కడ రాయను. థీసిస్ ఇంకా పరీక్షకుల దగ్గర ఉంది.

మిగతా ప్రశ్నల్లో ఒకటి మాత్రం మొదటి రోజు నుంచీ అందరికీ అర్థమైంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేకపోయిందా అన్నది. అది కంటికి కనపడేది కాబట్టి కావచ్చు. పొగ ప్రశ్న మాత్రం మళ్లీ దెబ్బతింది. "వంట దేని మీద చేస్తారు?" అంటే అందరూ "గ్యాసేనండి." నిజమే, గ్యాసే. కానీ ఏ పెరట్లో చూసినా మూడు రాళ్ల పొయ్యి ఉంది. దాని మీద కొబ్బరి మట్టలు, కొబ్బరి డొక్కలు వేసి స్నానాలకు నీళ్లు కాస్తారు. తెల్లవారుజామున, చలిలో, పిల్లలు ఆ పొయ్యి దగ్గరే చేతులు కాచుకుంటూ ఉంటారు. నీళ్లు దేని మీద కాస్తారన్న ప్రశ్న నా కాగితంలో లేదు. సవరణలోనే అదీ చేర్పించాను. భోగి మంటల తర్వాత రెండు మూడు రోజులు ఆయాసం ఎక్కువైందా అని కూడా అడగాలనిపించింది గానీ, అప్పటికే ప్రశ్నలు ఎక్కువైపోయాయి.

హైస్కూల్లో పెద్దపిల్లల దగ్గర, ఊపిరి ఎంత వేగంగా బయటికి వస్తోందో కొలిచే పీక్ ఫ్లో మీటరు వాడాం. జానెడు గొట్టం, పక్కన అంకెల గీతలు, వాటి వెంట జరిగే చిన్న ముల్లు. నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, పెదాలు గట్టిగా మూసి ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊదిస్తే అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మొదటిసారి మెల్లగా, పొడుగ్గా ఊదింది, పొయ్యి రాజేసే గొట్టం ఊదినట్టు. ఇంట్లో ఆ పని తనదేనట. "అలా కాదమ్మా, దీపం ఒక్క ఊపుతో ఆర్పినట్టు" అన్నాను. రెండోసారి 190. మూడోసారి 200. ఆ ఎత్తు పిల్లలకు మూడొందల దరిదాపుల్లో రావాలి. ఊదిన తర్వాత ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది. భుజాలు లేస్తున్నాయి. పక్క పిల్లలు చూడకుండా చున్నీ సర్దుకుంది.

ఒక్క గొట్టంతో ఉబ్బసం అని తేల్చకూడదు, తేల్చే పని నాది కూడా కాదు. ఆ మధ్యాహ్నమే వాళ్లమ్మను పిలిపించి, పీహెచ్‌సీకి నేనే వెంట వెళ్లాను. డాక్టరు గారు పరీక్ష చేసి, మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. 270 వచ్చింది. ఆ పిల్ల మీటరు వంకే చూస్తూ ఇంకోసారి ఊదుతానంది.

బయటికి వచ్చాక వాళ్లమ్మ నన్ను పక్కకు తీసుకెళ్లింది. "ఉబ్బసం అని ఎక్కడా రాయకండమ్మా. ఆడపిల్ల. రేపు సంబంధాలు రావు." నా ఫారం మీద పేరు లేదు, నంబరే ఉంది. ఏ నంబరు ఎవరిదో తెలిపే పట్టీ కాలేజీ బీరువాలో తాళం వేసి ఉంది. అది చెప్పాను. ఆమె రెండో భయం పంపు గురించి, అంటే మందు పీల్చే ఇన్‌హేలరు గురించి. "పంపు అలవాటైపోతుందంట కదా, బిళ్లలిస్తే చాలదా?" అలవాటైపోదమ్మా అని ఊరికే అంటే నమ్మరు. మా అమ్మా నమ్మలేదు. అందుకని లెక్క చెప్పాను. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ బిళ్ల చిన్నదే 2 మిల్లీగ్రాములు. పంపులో ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. ఒక బిళ్లలో ఇరవై నొక్కుల మందు ఉంటుంది. బిళ్ల కడుపులోకి వెళ్లి, ఒళ్లంతా తిరిగి, చెయ్యి వణికించి, చివరికి గుండెల్లోకి వస్తుంది. పంపు నేరుగా అక్కడికే వెళ్తుంది కాబట్టి కొంచెం చాలు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అయితే పంపే తక్కువ మందన్నమాట" అంది.

మాఘమాసం వెళ్లేనాటికి ఊళ్లన్నీ పూర్తయ్యాయి. ఫారాలన్నీ కట్టలు కట్టి మేడం టేబుల్ మీద పెట్టాను. మొదటి రోజు నాటి పదకొండు ఫారాలు వేరే కట్టగా ఉన్నాయి. ఆ తల్లులందరినీ మళ్లీ కలిసి, రెండో గడి పూర్తి చేశాను. పీచు మిల్లు ఆవిడ ఫారంలో మొదటి గడిలో 'లేదు' అలాగే ఉంది. దాని పక్కన 'ఉంది' అని ఉంది.

థీసిస్ అనుబంధంలో ఆ ప్రశ్న ఇలా అచ్చయింది: "మీ బాబుకు గానీ పాపకు గానీ ఊపిరి వదిలేటప్పుడు గుండెల్లో పిల్లికూతలు ఎప్పుడైనా వినిపించాయా? ముక్కు బిగేసినప్పుడు వచ్చే గురగుర కాదు. ఇప్పుడు వినిపించే చప్పుడు లాంటిది."